సౌకర్యాలు లేకపోవడం బడి తప్పు, బిడ్డది కాదు



అడ్మిషన్ల రోజుల్లో దివ్యాంగులైన పిల్లలను వెంటబెట్టుకెళ్లిన తల్లిదండ్రులకు చాలా బడుల్లో ఒకటే జవాబు: "మా దగ్గర సౌకర్యాల్లేవండీ, మీ పాపకే ఇబ్బంది. ఇంకెక్కడైనా చూసుకోండి." వినడానికి సానుభూతిగానే ఉంటుంది. కానీ ఇలా తిప్పి పంపడం చట్ట విరుద్ధం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ సర్కారు బడులకే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. దివ్యాంగులైన పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. భవనం, ఆవరణ, మరుగుదొడ్డి వాళ్లు వాడుకునేలా ఉండాలి. ఒక్కో బిడ్డ అవసరాన్ని బట్టి సర్దుబాటు చేయాలి. రాకపోకలకూ ఏర్పాటు ఉండాలి. "సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తెచ్చారా?" అన్నదే చాలాచోట్ల మొదటి ప్రశ్న. అది లేదని చేర్చుకోకపోవడం కుదరదు. 40 శాతం వైకల్యం నిబంధన ఉచిత విద్య, రిజర్వేషన్ల వంటి వాటికి ఉంది గానీ ఈ సెక్షన్‌లో లేదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాను. ఆమధ్య ఒక బడిలో ర్యాంపు చూశాను. అరుగు ఎత్తు రెండడుగులు, ర్యాంపు పొడవు ఆరడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలన్నది ప్రమాణం. అంటే అక్కడ 24 అడుగులు కావాలి. ఎనిమిదో తరగతి అమ్మాయి చక్రాల కుర్చీని ఇద్దరు స్నేహితురాళ్లు వెనక నుంచి తోస్తుంటే, దిగేటప్పుడు ఇంకొకరు ముందు నిలబడి ఆపుతున్నారు. మరుగుదొడ్డికి గడప ఉంది, తలుపులో కుర్చీ పట్టదు. అందుకని ఆ పిల్ల పొద్దున బడికొచ్చింది మొదలు సాయంత్రం ఇంటికెళ్లేదాకా మంచినీళ్లు తాగదు. ఈ సంగతి టీచర్లందరికీ తెలుసు. బడి రికార్డులో మాత్రం 'ర్యాంపు: ఉంది' అని రాసి ఉంది.

ర్యాంపు వాలు వంటి ప్రమాణాలను సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసిందే.

డబ్బుల్లేవంటారు. నిజమే, మరుగుదొడ్డి కట్టడానికి నిధులు కావాలి. కానీ చక్రాల కుర్చీ వాడే బిడ్డ తరగతి మేడ మీద ఉంటే, దాన్ని కింది గదికి మార్చడానికి ఎవరి మంజూరు కావాలి? చూపు తక్కువున్న పిల్లవాడికి ప్రశ్నపత్రం పెద్దక్షరాల్లో తీసివ్వడానికి, బోర్డు మీద రాసేది బిగ్గరగా చదువుతూ రాయడానికి ఎంత ఖర్చవుతుంది? పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపేటప్పుడే స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే సహాయకుడు), అదనపు సమయం, భాషా పేపర్ మినహాయింపు గురించి తల్లిదండ్రులకు చెబితే, హాల్‌టికెట్లు వచ్చాక వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఎలా బోధించాలో తెలియకపోతే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఐఈఆర్పీలను (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లను) పిలిపించుకోవచ్చు. అయితే వాళ్ల సంఖ్య చాలదు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టులు నింపాల్సింది ప్రభుత్వాలే.

ప్రైవేటు బడులకు గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడు ఫైర్ సేఫ్టీ అడుగుతున్నారు, భవన పటిష్ఠత అడుగుతున్నారు. ఆ వరసలోనే 16వ సెక్షన్ అమలునూ చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను. తనిఖీ బృందంలో చక్రాల కుర్చీ వాడే వ్యక్తి ఒకరు తప్పక ఉండాలి. ర్యాంపు పనికొస్తుందో లేదో వాళ్లే చెప్పగలరు.

తల్లిదండ్రులకు ఒక మాట. చేర్చుకోం అన్నచోట బతిమాలకండి. ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వకపోయినా సరే, ఏ రోజు ఎవరు ఏమన్నారో రాసుకుని రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా