వ్యాజ్యము తేలువఱకు బిడ్డ ఆకలి ఆగునా?

హైదరాబాదునకు పడమట 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు వెలసినది మొదలు మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతముల రాళ్లగుట్టలు అద్దాల మేడలైనవి. ఎకరముల లెక్కనున్న మెట్టచేలు గజముల లెక్కన అమ్ముడుపోయినవి. ధనముతోబాటు వ్యాజ్యములును పెరిగినవి. అన్నదమ్ముల పంపకముల దావాలు, కొలువు తొలగించిన కంపెనీలపై పరిహారపు దావాలు మున్నగువానిలో ఏదో యొక తీర్పునకై ఎదురుచూచువారు వీధికొకరైనను కనబడుదురు. అందులకు మేము వారిని తప్పుపట్టము. కాని ఆ ఎదురుచూపును కన్నబిడ్డల యన్నమునకు అడ్డుపెట్టువారిని గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

మా పాఠశాలలో ఏడవ తరగతి చదువు బాలిక యొకతె కలదు. తల్లిదండ్రులు వేఱైరి. తండ్రి నెలకింత యీయవలెనని న్యాయస్థానము నిర్ణయించినది. నాలుగు నెలలు వచ్చి ఆ సొమ్ము ఆగిపోయినది. తల్లి అడిగినప్పుడెల్ల ఒకటే ప్రత్యుత్తరము: "పొలము దావా రాజీకి వచ్చుచున్నది. ఆనాడు వడ్డీతో సహా చెల్లించెదను." పెద్దమనుష్యులును ఆమెకే బుద్ధులు చెప్పిరి: "ఓపిక పట్టు తల్లీ! కోట్లు రానుండగా వేలకై తగవేల?"

వినుటకు ఇది లోకజ్ఞానమువలె తోచును. విచారించిన కొలది ఇందలి మోసము బయటపడును.

ఆ తండ్రి తన విషయమున దేనికైన ఆగుచున్నాడా? కారు బాకీకి నెలనెల వాయిదా కట్టుచున్నాడు. ఇంటియద్దె చెల్లించుచున్నాడు. ఆ దావా నడపు వకీలునకు ఫీజు ముందుగనే యిచ్చుచున్నాడు. దావా గెలిచిన పిమ్మట కట్టెదనని బ్యాంకువారితో చెప్పగలడా? చెప్పలేడు. జప్తు చేయువానికి రొక్కము, జప్తు చేయలేని పసిదానికి వాగ్దానము! ఏడవ తరగతి రుసుము పదవ తరగతిలో చేతికి వచ్చినచో పోయిన చదువు తిరిగి వచ్చునా?

ఓపిక పట్టుమను ఉపదేశము చట్టమునుబట్టి చూచినను ప్రమాదకరమైనది. పూర్వపు క్రిమినలు ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. సొమ్ము చెల్లింపనివానిపై వారంటు కోరువారు, అది చెల్లింపవలసిన దినమునుండి ఒక సంవత్సరములోపల దరఖాస్తు పెట్టుకొనవలెనను నియమము రెంటను కలదు. అనగా రాజీకై మూడేండ్లు వేచియుండిన తల్లి, పాతబాకీ విషయమున ఆ వారంటును పోగొట్టుకొనును. ఓపిక పట్టుమనువారిలో ఎందఱికి ఈ సంగతి తెలియును?

చేతికి రాని ధనమును ఎవరు పట్టుకొనగలరని కొంద ఱడుగుదురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. నష్టపరిహారమునకై దావా వేయు హక్కు మాత్రమే ఉన్నచో దానిని జప్తు చేయరాదని సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను చెప్పుచున్నది. కాని దావా డిక్రీయైనచో ఆ డిక్రీనే జప్తు చేయవచ్చును. సొమ్ము న్యాయస్థానమున జమయైనచో అచ్చటనే పట్టవచ్చును. పొలములోని భాగమో, తీర్పునకు ముందే యున్న ఆస్తి. జీతమున్నచో పోషణపు డిక్రీకి మూడింట రెండువంతులవఱకు జప్తునకు లోబడును. పోషణపు ఉత్తరువులను సివిలు డిక్రీలవలె అమలు జరుపవచ్చుననియు, ఉభయులు తమ ఆస్తులను అప్పులను ప్రమాణపత్రమున తెలుపవలెననియు సర్వోన్నత న్యాయస్థానము 2020 నవంబరులో ఆదేశించినది. ఋణదాతల హక్కుకంటె భార్యాబిడ్డల పోషణహక్కు ముందని 2024 డిసెంబరులో చెప్పినది. కావున దావా సంగతి దాపక చెప్పించి, తీర్పు వచ్చిననాడే జప్తు కోరుటకు తల్లులు సిద్ధముగా నుండవలెను.

నిజముగా కొలువు పోయిన తండ్రి యుండవచ్చును. అట్టివాడు న్యాయస్థానమునకు పోయి మొత్తము తగ్గింపుమని కోరవచ్చును; చట్టము ఆ ద్వారమును తెఱచియే యుంచినది. చెప్పక చేయక మానివేయుట మాత్రము దొంగతనమే. శరీరశక్తి గలవాడు కూలి చేసియైనను పోషింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2022లో స్పష్టపఱచినది.

మన చట్టమునను ఒక లోపము కలదు. తల్లి స్వయముగ వెదకి పట్టుకొనిననే గాని రాజీసొమ్ము ఆగదు. మనవా రనేకులు కాపురమున్న అమెరికాలో, 1996 నాటి చట్టమునుబట్టి, బిడ్డల పోషణపు బాకీ తండ్రి ఆస్తిపై తనంత తానే భారమగుటకు రాష్ట్రములు ఏర్పాటు చేయవలెను. వ్యాజ్యముల రాజీసొమ్మును సైతము పట్టుకొను అధికారము వారి సంస్థలకు కలదు. పోషణపు బాకీ లేదని ప్రమాణపత్రము పుచ్చుకొనక ఏ న్యాయస్థానమును రాజీసొమ్ము విడుదల చేయరాదను నియమము మనకేల యుండరాదు?

శకుంతల కుమారుని వెంటబెట్టుకొని సభకు రాగా దుష్యంతుడు ఎఱుగననెను. కుమారుని భరింపుమని ఆకాశవాణి పలుకుటచేతనే ఆ బాలునకు భరతుడను పేరు కలిగెనని మహాభారతము చెప్పుచున్నది. ఏ బాలుని పేర మన దేశము భారతమని పిలువబడుచున్నదని చెప్పుకొందుమో, ఆ పేరే బిడ్డను పోషింపుమను ఆజ్ఞనుండి పుట్టినది. అట్టి దేశమున తల్లి వాకిట వాకిట తిరిగి అడుగుకొనుట మనకు సిగ్గుగాదా?

మేము చెప్పిన బాలిక తల్లి పెద్దమనుష్యుల మాట త్రోసిపుచ్చి పదునొకండవ నెలలో దరఖాస్తు పెట్టినది. వారంటు వచ్చిన పదిదినములలో బాకీ యంతయు జమయైనది. పొలము దావా మాత్రము నేటికిని తేలలేదు.