ఇల్లాలి ముచ్చటలు: జలుబు మాత్రయు బంగారు పతకమును

గతమాసమున నొక సాయంకాలము మా వీథిలోని యొక తల్లి మా యింటికి వచ్చి, "అక్కయ్యగారూ, మా అమ్మాయికి జలుబు విడువకున్నది. మందుల కొట్టులో ఈ సీసా కొని తెచ్చితిని. పట్టించిన దోషమేమైన నున్నదా? పంతులుగారి నడిగి చెప్పుడు" అనెను. ఆ బాలిక మా వారి బడిలో తొమ్మిదవ తరగతి చదువుచు, పరుగు పందెములలో రాష్ట్రపు పోటీలకు ఎన్నికైనది. జలుబు సీసాకును పరుగునకును సంబంధమేమని మేము నవ్వితిమి. మా వారు నవ్వలేదు. ఆ రాత్రి వారు చెప్పిన వృత్తాంతమును, పిదప మేము చదివి తెలిసికొన్న సంగతులును తల్లులందఱికిని తెలియదగినవని తోచి యిచట వ్రాయుచున్నాము.

2000 సంవత్సరమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. అందు రుమేనియా దేశపు ఆండ్రియా రదుకాన్ అను పదునాఱేండ్ల బాలిక జిమ్నాస్టిక్సు విద్యలో అందఱిని మించి బంగారు పతకము గెలిచెను. ఆమెకు జలుబు చేసియుండగా జట్టు వైద్యుడు మాత్ర యిచ్చెను. అందు సూడోఎఫెడ్రిన్ అను పదార్థము కలదు. ముక్కు దిబ్బడకు వాడునదే కాని, ఒడలిని ఉత్తేజపఱచునది గనుక అప్పటి నిషిద్ధముల పట్టికలో నుండెను. ప్రయోగశాలలో అది బయటపడెను. పతకము తీసికొనిరి. ఆమె మోసము తలపెట్టినదని యెవరును అనలేదు. అయినను మధ్యవర్తి న్యాయస్థానముకూడ తీర్పు మార్చలేదు. పతకము ఆమె తోడి క్రీడాకారిణికే చెందెను. వైద్యుడు క్రీడలనుండి బహిష్కరింపబడెను. ఆ పదార్థమును 2004లో పట్టికనుండి తొలగించి, 2010లో నొక పరిమితి విధించి మరల చేర్చిరి. పతకము మాత్రము మరల రాలేదు.

మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపమును నమ్మి హిమగిరి చేరెను గాని, మంచునకు లేపము కరిగిపోగా తిరిగి రాజాలక చిక్కుకొనెను. అది యెంతసేపు నిలుచునని యాతడు ముందుగా నడిగినట్లు మాకు జ్ఞాపకము లేదు. ప్రవరుడు పెద్దవాడు. పదునాఱేండ్ల బాలిక వైద్యుని నేమని ప్రశ్నించును?

ఇంత కాఠిన్యమేల యని మాకును కోపము వచ్చినది. తూర్పు జర్మనీ కథ చదివిన పిదప ఆ కోపము సగము తగ్గినది. 1970, 80ల దశకములలో ఆ దేశపు ప్రభుత్వమే బాలికలకు నీలి మాత్రలు మ్రింగించెను. విటమినులని చెప్పిరి. అవి పురుషత్వమును కలిగించు మందులు. గొంతులు బొంగురువోయినవి, ముఖముల వెండ్రుకలు మొలచినవి. 1976లో మాంట్రియల్‌లో స్త్రీల యీత పోటీలు పదుమూడింట పదునొకండు ఆ దేశమువారే గెలిచిరి. తమ బిడ్డ యేమి తినుచున్నదో తల్లులకు తెలియదు. విదేశమునకు పంపుటకు ముందు తమ ప్రయోగశాలలోనే రహస్యముగా పరీక్షించి, దోషము కనబడిన వారిని ఇంటనే యుంచుచుండిరట! పట్టుకొనుటకు పుట్టిన విద్య దాచుటకు పనికివచ్చెను. 2000లో బెర్లినులో విచారణ జరిగి, నాటి క్రీడాధికారులకు శిక్ష పడెను.

ఇక పరీక్ష యెట్లు చేయుదురో వినుడు. క్రీడాకారిణి కనీసము 90 మిల్లీలీటర్ల మూత్రము నీయవలెను. ఒక స్త్రీ అధికారి ఎదుట నిలిచి చూచుచుండగా నీయవలెను. చదువునప్పుడు మాకే సిగ్గు వేసినది. గంతులు వేసి యలసి వచ్చిన పసిబిడ్డ మాట చెప్పనేల! అయితే బాలికలు తమవారి నొకరిని తోడు తెచ్చుకొనవచ్చును. సీసాల పెట్టెను క్రీడాకారిణియే యేరుకొనును. తానే రెండు సీసాలలో పోసి మూతలు బిగించును. ఒకటి పరీక్షకు; రెండవది, సందేహము కలిగినచో ఆమెగాని ఆమె పక్షమువారుగాని చూచుచుండగా తెఱచుటకు.

ప్రయోగశాలకు చేరు సీసాలమీద పేరుండదు, సంఖ్య మాత్రమే. మూత్రములోని పదార్థములను ఆవిరిచేసి, వెండ్రుకవంటి సన్నని పొడవాటి గొట్టములోనికి పంపుదురు. ఒక్కొక్క పదార్థ మొక్కొక్క వేగమున సాగి వేఱువేఱు వేళల ఆవలి కొనకు చేరును. అచట వానిని తునుకలు చేసి తూచుదురు. ఆ తునుకల వరుస పదార్థమునకు వ్రేలిముద్ర వంటిది. పాలను నీటిని వేఱుచేయు హంసను గూర్చి చిన్ననాట మా తండ్రిగారు చెప్పగా వింటిమి. ఇది యినుప హంస.

మమ్ము మిక్కిలి విస్మయపఱచినది వేఱొకటి. టెస్టోస్టెరాన్ అను హార్మోను స్త్రీలకును సహజముగా పుట్టును. లోన పుట్టినదో, సూదితో నెక్కించినదో చెప్పుటెట్లు? కర్బనమును తూచి చెప్పుదురు. కర్బనములో తేలికది, బరువుది యని జాతులు కలవు. సోయావంటి మొక్కలలో బరువు జాతి తక్కువ. చెఱకు, మొక్కజొన్నలలో ఎక్కువ. మనము అన్నియు కలిపి తినుదుము గనుక మన యొడలిలో నడిమి పాళ్లుండును. మందుల కార్మికశాలలవారు ఆ హార్మోనును సాధారణముగా సోయావంటి మొక్కల సరకుతో చేయుదురు. ఆ తేడాయే దొంగను పట్టి యిచ్చును. వంటయింట నెన్నడో తిన్న దానిని ఒడలు మఱువదన్నమాట!

యంత్రము నమ్మదగినదైనను చేతులు నమ్మదగినవి కావలెను. 2014లో రష్యాలోని సోచీ నగరమున రాత్రివేళ గోడలోని కంతగుండా సీసాలు మార్చిరని ఆ ప్రయోగశాల పూర్వాధిపతియే 2016లో బయటపెట్టెను. మార్చిన మూత్రమున ఉప్పు కలిపి పాళ్లు సరిచేసిరట. ఆ ఉప్పు మితిమీఱుటయే పట్టుబడుటకు నొక కారణమయ్యెను! మన ఢిల్లీ ప్రయోగశాలకును పద్ధతులు సరిగా లేవని 2019లో గుర్తింపు నిలిపివేసి 2021లో మరల నిచ్చిరి. పరీక్షించువారికిని పరీక్ష కలదు, అది మంచిదే.

మరునాడు మేమా తల్లితో కలిసి మా వారి భూతద్దముతో సీసాపై అచ్చును చదివితిమి. మూడవ పేరుగా ఎఫెడ్రిన్ కనబడినది. పోటీనాడు ఒడలిలో నుండరాని వానిలో అదియు నొకటి. "ఆకుమందులు పోయుదునా?" అని ఆమె యడిగెను. పేరు తెలియని చూర్ణములును వలదంటిమి. బలమునకని కొను పొడులలో చెప్పని వస్తువు లుండుట అరుదు కాదు. ప్రభుత్వ వైద్యశాలకు పోయి, బిడ్డ పోటీకి పోవుచున్నదని ముందుగా చెప్పుమంటిమి. వైద్యురాలు వేఱు మందు వ్రాసి, ఆ చీటీ నకలును బిడ్డ సంచిలో నుంచుమనెనట. నిషిద్ధమైన మందే తప్పనిసరి యైనప్పుడు ముందుగా అనుమతి కోరు పద్ధతియు కలదు.

ఆ సీసా మూత తీయకయే మా గూటిలో నున్నది. అమ్మాయి మిరియాల చారు త్రాగుచున్నది. శుక్రవారమున రైలెక్కును.