"వానికి సదువు రాదు" అనేదెవరు?

దసరా పోయింది. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో మళ్ళీ సుగ్గి మాటలు మొదలైనాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని దిక్కు మన గేరీల్లోకి మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టిపోతున్నాడు. ముందు పత్తి తీయను, తర్వాత మిరపకాయలు కోయను గుంటూరు దిక్కు పోవాల. ఇంకొన్ని దినాలకు ఇండ్లకు తాళాలు పడతాయి. గేరిలో ముసలోళ్ళూ కుక్కలూ మిగుల్తాయి. ఈ పక్షం కూలిరేట్ల గురించి రాయాలనుకున్నాం. ఒక పిల్లోని సంగతి చూసినాక కలం అటు పోలేదు.

ఆ పిల్లోడు నాలుగో తరగతి. వాళ్ళ నాయన మన మనిషే. ఏప్రిల్ 14న జెండా పట్టుకొని ముందు నడిచేటోడు, శ్మశానం భూమి కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చున్నోడు. పోయిన వారం మా ఇంటికి వచ్చి, "సార్, వానికి సదువు రాదంట. బళ్ళో సార్లే అంటాండారు. రానిదాన్ని ఎంతకాలం పంపాల? ఈసారి సుగ్గికి తోలుకొని పోతా. సంచి మోసినా ఇంత ఆసరా అయితాడు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు పిల్లోడు పక్కనే ఉన్నాడు. తల వంచుకొని కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు.

ఏకలవ్యుని బొటనవేలు గురించి మన సభల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటాం? వేలు అడిగినోన్ని తిట్టినాం, సరే. ఇప్పుడు మనింట్లోనే, మన నోటితోనే, మన పిల్లోని వేలు అడుగుతున్నాం. అడుగుతున్నామని మనకే తెలియడం లేదు.

వాళ్ళ నాయనను చాయ తాగమని కూర్చోబెట్టి పిల్లోన్ని దగ్గరికి పిల్చినాం. పలక మీద "కోడి" అని రాసినాం, చదివినాడు. "మేక", "గాలివాన" నిదానంగా, కూడబలుక్కొని చదివినాడు. "అమ్మ" అని రాస్తే టక్కున చెప్పినాడు. "అన్నం" కూడా అంతే. సంతోషపడి "చెమ్మ" అని రాసినాం, "చెమ" అన్నాడు. "సున్నం" రాస్తే "సునం" అన్నాడు. "చెప్పులు" రాస్తే చానాసేపు చూసి "చెపులు" అన్నాడు. వాళ్ళ తాత జీవితమంతా చెప్పులు కుట్టినోడు.

సంగతి అర్థమైంది. వానికి అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వత్తులు రావు. "అమ్మ", "అన్నం" అనేవి బొమ్మలాగా గుర్తుపెట్టుకున్నాడు గానీ చదవడం లేదు. తెలుగులో వత్తు రాకుండా ఎంత దూరం పోగలం? రెండో తరగతి దాటితే వత్తు లేని వాక్యం దొరకదు. లెక్కల పుస్తకంలో లెక్క కూడా మాటల్లోనే ఉంటుంది. మూడో తరగతిలో ఒక పాఠం పోయె, నాలుగుకు వచ్చేసరికి పుస్తకమే పోయె. ఇంక వెనక బెంచీలో కూర్చోక ఏం చేస్తాడు?

మరి వత్తులు ఎందుకు రాలేదు? రెండో తరగతిలో ఆ పిల్లోడు దీపావళి తర్వాత గుంటూరు దిక్కు మిరప చేలల్లో ఉన్నాడు. తిరిగి వచ్చింది ఉగాదికి. బళ్ళో వత్తులు చెప్పింది ఆ నెలల్లోనే. వచ్చినాక మళ్ళీ ఎవరూ చెప్పలేదు. పై తరగతిలో కూర్చోబెట్టినారు, అంతే. నాలుగైదు నెలల గుంత అది. ఆ గుంతను చూడనోళ్ళందరూ పిల్లోని బుర్రను చూసి తీర్పు చెప్పేసినారు. వేల ఏండ్లు మనల్ని బయట నిలబెట్టి, చదువు వీళ్ళ రక్తంలో లేదన్నారు కదా, అదే తీర్పు ఇప్పుడు ఒక్కొక్క పిల్లోని మీద విడివిడిగా చెప్తున్నారు. చెప్పేటోళ్ళలో మనోళ్ళు కూడా ఉండడమే కొత్త.

లెక్కలు కూడా అడిగినాం. "కిలోకు పన్నెండు రూపాయలు. మీ అమ్మ ముప్పై అయిదు కిలోలు కోసింది. ఎంత రావాల?" అంటే పలక ముట్టకుండా "నాలుగు వందల ఇరవై" అన్నాడు. కాటా కాడ నిలబడి నేర్చుకున్న లెక్క అది. అదే పిల్లోనికి పలక మీద 52లో 27 తీసేయమని ఇస్తే 35 అని రాసినాడు. రెండులోంచి ఏడు పోదు గదా, అందుకని ఏడులోంచి రెండు తీసినాడు. ఈ తప్పు తెలివి లేక చేసేది కాదు, అప్పు తెచ్చుకోవడం ఎవరూ చూపించక చేసేది. అయిదు పది రూపాయల నోట్లూ, రెండు రూపాయి బిళ్ళలూ చేతికిచ్చి "నాకు ఇరవై ఏడు ఇయ్యి" అన్నాం. ఒక పదినోటు చిల్లర చేయమని వాడే అడిగినాడు. ఆ చిల్లర చేయడమే పలక మీద అప్పు అంటే అని చెప్తే ఎగాదిగా చూసి నవ్వినాడు. వాళ్ళ నాయన చాయ గ్లాసు పట్టుకొని అట్లే చూస్తా కూర్చున్నాడు.

ఇది మన ఒక్క గేరి సంగతి కాదు. పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే 2024లో చెప్పింది ఇదే. దేశంలో పల్లెల పిల్లల్లో అయిదో తరగతి చదివేటోళ్ళు సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోయినారు. సగం దేశం పిల్లలకు బుర్ర లేదనగలమా?

మేము కూడా ఆ మాట అన్నోళ్ళమే, దాచుకోము. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతి పిల్లను అందరి ముందు "మట్టిబుర్ర" అన్నాం. మర్నాడు నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. ఇప్పుడు ఆమె బిడ్డ మా బళ్ళోనే ఒకటో తరగతి. బిడ్డను దిగబెట్టను వచ్చినప్పుడు ఆమె గేటు కాడనే ఆగిపోతుంది, లోపలికి రాదు. వెలివాడలో పుట్టి, రిజర్వేషన్‌తో పంతులైనోడు కూడా కుర్చీ ఎక్కినాక ఆ కుర్చీ భాషే మాట్లాడతాడు. ఆమెను చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

అంబేద్కర్ సతారా బళ్ళో గోనెపట్టా మీద వేరుగా కూర్చున్నాడని అందరికీ చెప్తాం. ఇంట్లో ఏం జరిగిందో తక్కువ చెప్తాం. బొంబాయి పరేల్‌లో ఒకే ఒక్క గది. అందులోనే వంట, అందులోనే పడక. చదవను చోటు లేదు. నాయన రాంజీ పిల్లోన్ని పెందలాడే పడుకోబెట్టి, తాను మేలుకొని, రాత్రి రెండింటికి లేపి చదవను కూర్చోబెట్టేవాడంట. పుస్తకాలకు డబ్బుల్లేకుంటే పెండ్లయిన బిడ్డల కాడికి పోయి చేబదులు అడిగినాడు. ఆ పిల్లోడు 1907లో మెట్రిక్ పాసైనాడు. రాంజీ సైన్యం బళ్ళో పంతులుగా చేసినోడు, ఆయనకు చదువు వచ్చు, మాకు రాదు కదా అంటారు. నిజమే.

మా అమ్మకూ అక్షరం రాదు. బుడ్డిదీపం కాడ మేము చదువుతుంటే పక్కన కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరేది. మా గొంతు ఆగితే "ఏమిటికి ఆపినావు?" అనేది. ఒకనాడు పాత పాఠమే మళ్ళీ చదువుతుంటే, "నిన్న కూడా ఇదే కదరా సదివింది" అని పట్టుకుంది! ఆమె చెవికి భయపడి కొత్త పాఠం చదివినాం. చదువు రాని తల్లి చేయగలిగింది ఏమీ లేదని ఎవరన్నా అంటే మేము నమ్మం. అర్ధగంట పక్కన కూర్చొని గట్టిగా చదవమంటే చాలు. తప్పు పట్టకపోయినా ఫరవాలేదు, ఆగినకాడ పిల్లోడు ఆగినాడని తెలుస్తుంది. ఆ మాటను పట్టుకొని పొద్దున సార్‌ను అడగొచ్చు.

సార్‌ను ఎట్లా అడగాల? "మావాడు ఎట్లా చదువుతున్నాడు సార్?" అంటే "ఫరవాలేదు" అంటారు, లేకుంటే "వాడు వినడు" అంటారు. అట్లా అడగొద్దు. "మావానికి ఏది వచ్చు, ఏది రాదు? రానిది ఎప్పుడు చెప్తారు?" అని అడగండి. ఇది కాళ్ళు పట్టుకొని అడిగే మాట కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో రాసి ఉంది. ఒక్కొక్క పిల్లోనికి ఎంత వచ్చో చూసి, వెనకబడినోనికి వేరుగా చెప్పడం టీచరు బాధ్యత. 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మనసు కుంగేటట్లు మాట్లాడడం కూడా నిషేధం. 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడవాళ్ళు ఉండాల. మన అక్కలు ఆ కమిటీల్లో ఉన్నారు. మీటింగు జరగకుండానే రిజిస్టరు ఇంటికి వస్తే వేలిముద్ర వేసి పంపుతున్నారు. ఇంకమీదట ఆ రిజిస్టరు చదివి వినిపించమనండి. చదివేది ఆ ఇంటి పిల్లోడైతే మరీ మంచిది.

టీచర్ల కష్టం మాకు తెలియంది కాదు. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులు తప్ప వేరే పనికి టీచరును పంపొద్దని అదే చట్టం చెప్తుంది. మేమేమో పొద్దున లేచి గుడ్డు ఫోటో ఫోన్లో ఎక్కించుకుంటా కూర్చుంటాం. వత్తు చెప్పే పీరియడు అందులోనే పోతుంది. ఈ కొట్లాట మా యూనియన్లు చేయాల, దానికి మీరు తోడు రావాల. కానీ ఆ కొట్లాట గెలిచేదాకా పిల్లోడు ఆగడు, వాని వయసు ఆగదు.

పిల్లోన్ని తరగతిలో ఆపేస్తే చదువు వస్తుందని ఇప్పుడు కొందరు అంటున్నారు. 2019లో చట్టం సవరించి అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పినోళ్ళను ఆపే వీలు కల్పించినారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బళ్ళకు ఆ రూలు పెట్టుకుంది. చెప్పకుండా పైకి తోసినా, చెప్పకుండా కింద ఆపినా వత్తు రాదు. ఆపితే మాత్రం తర్వాతి మెట్టు గొర్లకాడికే.

అప్పు చేసి ప్రైవేటు బడికి పంపుదామని కొందరు, ఇంగ్లీషు మీడియంలో వేస్తే అన్నీ సర్దుకుంటాయని ఇంకొందరు. ఇంగ్లీషు మనకు కావాల, దాని మీద మాకు రెండో మాట లేదు. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మనకు మాతృభాష గొప్పతనం చెప్పేటోళ్ళ మాట వినం. కానీ తెలుగులో "సున్నం" చదవలేని పిల్లోని ముందర ఇంగ్లీషు పాఠం పెడితే ఒక గుంత రెండు గుంతలైతాయి. మీడియం ఏదైనా, గుంత ఎక్కడుందో చూసి పూడ్చినాకనే ముందుకు.

పూడ్చను ఎన్ని దినాలు పడుతుంది? పదేండ్ల పిల్లోనికి అయిదేండ్ల పిల్లోనికి పట్టినంత పట్టదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు పనుల్లో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో పెట్టి, చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించి చూపించినారు. బడి మొహం చూడని పిల్లలకే వచ్చినప్పుడు, అక్షరాలు వచ్చిన మనోనికి రాదా?

మన గేరీల్లో అంబేద్కర్ భవనాలు ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి తాళం తీస్తాం. మిగతా దినాలు పేకాట, లేకుంటే తాళం. పొద్దు మునిగినాక గంటసేపు తెరవండి. ఇంటరు చదివే ఆడపిల్లలు ఇద్దరు కూర్చుంటే పదిమంది పిల్లలకు చాలు. దినానికి ఒకే వత్తు. "క్క" అయితే అక్క, కుక్క, చుక్క, ముక్క. పిల్లోళ్ళ చేత వాళ్ళకు తెలిసిన మాటలే చెప్పించి, అవే రాయించి, అవే చదివించాల. తర్వాత ఉపాధి హామీ జాబ్‌కార్డు మీద వాళ్ళ అమ్మ పేరు, బస్సు బోర్డు, ఈ పత్రిక హెడ్డింగులు. మన పత్రికలో వత్తులకు కొదవ లేదు! కొట్టొద్దు, పక్కింటి పిల్లోన్ని చూపించి తిట్టొద్దు.

కండ్లు కనపడక, చెవులు వినపడక వెనకబడే పిల్లలు కూడా ఉంటారు. బోర్డు చూడను కండ్లు చిట్లిస్తుంటే, పిలిస్తే పలకకుంటే ముందు ఆసుపత్రికి తోలుకుపోండి. నెలల తరబడి పక్కన కూర్చొని చెప్పినా అక్షరాలు తారుమారు అవుతుంటే మండలంలో భవిత కేంద్రం ఉంది, అక్కడ చూపించండి. అట్లాంటి ఇబ్బందిని కూడా 2016 చట్టం వైకల్యాల్లో చేర్చింది, అడిగే హక్కు ఉంది.

ఇంక సుగ్గి సంగతి. వలసపోయే ఇండ్ల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడపాల. లారీలు పోయినాక తెరిస్తే ఎవరికి? మీ గేరి నుంచి ఎంతమంది పిల్లలు పోబోతున్నారో పేరు, తరగతి, ఊరు రాసి ఈ వారంలోనే మండల విద్యాధికారికి ఇవ్వండి. ఒక నకలు మాకు పంపండి. అన్నీ కలిపి జిల్లా ఆఫీసుకు మేమే తీసుకుపోతాం.

ఆ పిల్లోడు వారం దినాలుగా సాయంత్రం మా ఇంటికి వస్తున్నాడు. "చెప్పులు" చదివినాడు. "సున్నం", "చెమ్మ" చదివినాడు. నిన్న పత్రిక పాత సంచిక తెచ్చి "రాష్ట్రం" కాడ ఆగిపోయినాడు. ఒక్క అక్షరం కింద ఇన్ని ఎందుకు ఉన్నాయని అడిగినాడు. అవ్వ కాడ వదిలిపోదామని వాళ్ళ అమ్మ అంటోంది. నాయన ఇంకా ఏమీ చెప్పలేదు. మేస్త్రీ దగ్గర ముగ్గురికి అని చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడంట. లారీ వచ్చే ఆదివారం.