ఇరానీ హోటళ్లు: గోడలకు రక్షణ, గదులకు ఉపేక్ష

చారిత్రక కట్టడం కూలితే నగరమంతటికీ తెలుస్తుంది. పాత హోటలు లోపలి గది చెదిరిపోతే ఎవరికీ తెలియదు. ఒక రాత్రి పాలరాతి బల్లలు, వంపు కర్రల కుర్చీలు, నిలువుటద్దాలు లారీకెక్కుతాయి. మరునాడు వీధిలోంచి చూసేవారికి భవనం యథాతథంగానే కనిపిస్తుంది. ముంబయి ఇరానీ హోటళ్లు అనేకం ఇలాగే అంతరించాయి. వారసత్వ పరిరక్షణ నిబంధనలలో దేశానికి దారి చూపిన నగరంలోనే ఇది జరగడం గమనార్హం.

ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది తొలి దశకాలలో వలస వచ్చిన జొరాస్ట్రియన్లు ఈ హోటళ్లను నెలకొల్పారు. ఇతర వర్తకులు అశుభమని వదిలివేసిన వీధి మలుపుల స్థలాలు వారికి చవకగా దక్కాయని చెబుతారు. ధోబీ తలావ్ సమీపంలోని కయానీ 1904లో, బల్లార్డ్ ఎస్టేట్‌లోని బ్రిటానియా 1923లో ప్రారంభమయ్యాయి. గల్లా పెట్టె వద్ద యజమాని, బిస్కెట్ల గాజు జాడీలు, గోడపై నిబంధనల బోర్డు వీటి ఆనవాళ్లు. కూలీ, గుమాస్తా, వకీలు ఒకే వరుసలో కూర్చుని టీ తాగిన చోట్లివి. బస్తానీ హోటలులోని బోర్డు ఆధారంగా నిస్సిం ఎజెకీల్ ఆంగ్లంలో కవిత రాశారు. ఆ హోటలు నేడు లేదు, కవిత మిగిలింది.

ముంబయిలో వారసత్వ కట్టడాల నిబంధనలు 1995లో అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రథమ శ్రేణి కట్టడాలలో మాత్రమే వెలుపలి భాగంతోపాటు లోపలి భాగాన్నీ ముట్టుకోరాదు. శ్రేణి తగ్గిన కొద్దీ లోపలి మార్పులకు వెసులుబాటు పెరుగుతుంది. మూడవ శ్రేణిలో అవి దాదాపు స్వేచ్ఛగా అనుమతింపబడతాయి. జాబితాకెక్కని భవనాల మాట చెప్పనక్కరలేదు. ఇక బల్లలు, కుర్చీలు చట్టం దృష్టిలో కట్టడమే కావు. అవి కేవలం సామాను.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఈ హోటళ్లలో అనేకం అద్దె గదులలో నడుస్తున్నవి. భవనం ఒకరిది, సామాను మరొకరిది. వారసత్వ నిబంధన వల్ల నిర్మాణపు హక్కు కోల్పోయిన భవన యజమానికి పరిహారంగా బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కులు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. గదిని తరతరాలుగా కాపాడిన కిరాయిదారుకు మాత్రం దానివల్ల ఒరిగేది లేదు.

అద్దె చట్టం రెండంచుల కత్తిగా పరిణమించింది. 1947 నాటి బొంబాయి చట్టం అద్దెలను 1940 నాటి స్థాయికి ముడివేసింది. 1999 చట్టం ఏటా 4 శాతం పెంపునకు అనుమతించింది. అద్దె స్వల్పం కనుకనే, ఒక కప్పు టీతో గంటసేపు కూర్చునే ఖాతాదారును హోటలు భరించగలిగింది. అదే కారణంగా భవన యజమాని మరమ్మతులపై శ్రద్ధ చూపలేదు. కప్పు కారుతున్న భవనాన్ని కూల్చి కొత్తది కట్టడమే ఆయనకు లాభసాటి. వారసులు ఇతర వృత్తులలోకి, విదేశాలకు తరలిపోయిన కుటుంబాలకు హోటలును వదులుకోవడమే సులువు. కొన్ని హోటళ్లు బీరు బార్లుగా మారి బతికాయి.

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం పరిశీలించదగినది. అక్కడ జాబితాకెక్కిన భవనమంటే లోపలి భాగం కూడా అందులో చేరినట్లే. 1971లో ఏర్పడిన ‘కామ్రా’ అనే బీరు ప్రియుల సంఘం, చారిత్రకమైన లోపలి అలంకరణ చెదరని మద్యశాలలను 1991 నుంచి ఊరూరా తిరిగి నమోదు చేసింది. లండన్‌లోని కార్ల్‌టన్ టావెర్న్‌ను యజమానులు 2015లో అనుమతి లేకుండా కూల్చివేయగా, ఉన్నది ఉన్నట్లు తిరిగి కట్టాలని స్థానిక పాలకమండలి ఆదేశించింది. 2021లో అది మళ్లీ తెరుచుకున్నది. అయితే అక్కడ సైతం చట్టం గదినే కాపాడింది, వ్యాపారాన్ని కాదు. మద్యశాలల మూసివేతలు ఆగలేదు.

మన దేశంలోనూ పాఠాలు లేకపోలేదు. కాఫీ బోర్డు 1957లో తన కాఫీ హౌస్‌లను మూసివేయబూనినప్పుడు, ఎ.కె.గోపాలన్ ప్రోత్సాహంతో కార్మికులు సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని చేపట్టారు. కోల్‌కతా కాలేజీ స్ట్రీట్ కాఫీ హౌస్ ఆ విధంగానే నిలిచింది. కానీ బెంగళూరు ఎం.జి.రోడ్డులోని కాఫీ హౌస్ 2009లో ఆ చోటును ఖాళీ చేసి చర్చ్ స్ట్రీట్‌కు తరలవలసి వచ్చింది. సంఘం ఉన్నది, ఆదరణ ఉన్నది. గదిపై హక్కు లేకపోయింది.

నష్టానికి హోటలు నడపమని ఎవరినీ శాసించలేమన్న వాదన సమంజసమే. అయితే లోపలి అమరికను భవనంతో కలిపి నమోదు చేయడం, కాపాడే కిరాయిదారుకూ పరిహారంలో వాటా కల్పించడం, సామాను అమ్మే ముందు నోటీసు తప్పనిసరి చేయడం ప్రభుత్వాల చేతిలోని పనులే. వీటికి భారీ వ్యయమేమీ అవసరం లేదు.

హైదరాబాద్‌కూ ఈ సమస్య పరాయిది కాదు. మఖ్దూం వంటి కవులు సమావేశమైన అబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు నేడు జ్ఞాపకం మాత్రమే. వారసత్వ కట్టడాల రక్షణకు ఈ నగరం 1995లోనే నిబంధనలు చేసింది. 2017లో తెలంగాణ ప్రత్యేక చట్టమే తెచ్చింది. ఇరానీ చాయ్ పేరు చెప్పి పర్యాటకులను పిలుస్తున్న నగరం, ఆ చాయ్ తాగిన గదులను కూడా లెక్కించవలసి ఉన్నది. జాబితా రాసే అధికారి గుమ్మం దాటి లోపలికి రాకపోతే, మిగిలేది ముఖద్వారం మాత్రమే.