పొదుగుటకు చోటేది?

హైటెక్ సిటీకి చేరువనున్న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపివేసినది. అందలి జీవులు మరియొక చోటికి పోలేవా యని అడుగువారు కలరు. పోగలవేమో, పిల్లలను కని పెంచుట వేరు.

కప్ప వానమడుగులో గ్రుడ్లు పెట్టును. పెంకులేని యా గ్రుడ్లు తడియారినచో నశించును. తోకకప్పకు కాళ్లు వచ్చువరకు మడుగు నిలువవలెను. నెమలిగ్రుడ్డునకు పెంకు గలదు, నీరక్కరలేదు. అయినను పెట్ట నేలపైనే, పొదమాటున, దాదాపు నాలుగు వారములు పొదుగును. చుక్కలదుప్పి బిడ్డను కడుపులోనే మోయును. ఈనిన పిమ్మట కూనను ఎత్తైన గడ్డిలో దాచి మేతకేగును.

మేడలు వలదని నేననను. మన పిల్లలకు అచ్చట కొలువులున్నవి. కాని మేడల నడుమ పచ్చికను కత్తిరించి, నాలుగు పూలచెట్లు నాటి, ఇదియే వనమనుట నాకు సమ్మతము కాదు. అందు నెమలి తిరుగవచ్చును, పొదుగలేదు.