అద్దె సర్వరు, సొంత బాధ్యత
2025 అక్టోబరు 20న, దీపావళి నాడే, ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ క్లౌడు కేంద్రాల్లో తలెత్తిన లోపంతో ప్రపంచవ్యాప్తంగా ఎన్నో సేవలు గంటల తరబడి నిలిచిపోయాయి. రాజపాళయం నూలు మిల్లయినా, మంసాపురంలోని చిన్న సహకార సంఘమైనా, తమ లెక్కలను క్లౌడుకు ఎక్కించే ముందు గ్రహించవలసింది ఇదే: అద్దెకిచ్చిన కంపెనీ యంత్రాలను కాపాడుతుంది, వాటిలోని సమాచారానికి, పాస్‌వర్డులకు, నకళ్లకు జవాబుదారీ వాడుకునే సంస్థదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, పనిని ఇతరులకు అప్పగించినా బాధ్యతను సంస్థ మీదే ఉంచి, భద్రతా వైఫల్యానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా నిర్దేశించింది. చౌక అన్న ఒక్క మాట విని సంతకం చేయడం తగదు. అమెజాన్ క్లౌడులోనే ముంబయిలో ఒక ప్రతి, హైదరాబాదులో మరో ప్రతి ఉంచుకునే వీలు 2022 నుంచీ ఉంది. ఆ రెండో ప్రతికయ్యే ఖర్చుకు వెనుకాడే యాజమాన్యం కార్మికుల జీతాల పద్దులను, సభ్యుల పొదుపు వివరాలను పణంగా పెట్టినట్టే. డేటాను తిరిగి తీసుకునే హక్కును ఒప్పందంలో రాయించుకోవాలి, ఏడాదికొకసారైనా ఆ రెండో ప్రతిని తెరిచి పరీక్షించాలి.