కలం కూడు పెడుతుందా?

బెంజ్ సర్కిల్లో నిలబడి చుట్టూ చూస్తే ర్యాంకుల బోర్డులే కనబడతాయి. చెన్నై నుంచి కోల్‌కతా పోయే జాతీయ రహదారి, బందరు రోడ్డు కలిసే కూడలి అది. ఫ్లైఓవరు స్తంభాల నడుమ నుంచి తలెత్తితే చాలు, ప్రవేశ పరీక్షలలో నెగ్గిన పిల్లల ముఖాలు వరుసగా నవ్వుతూ ఉంటాయి. వాటిలో కవి ముఖం ఒక్కటీ ఉండదు. ఉండాలని నేను అనడం లేదు. కాని ఆ బోర్డుల కిందుగా రోజూ కాలేజీకి నడిచివెళ్ళే పిల్లలలో కొందరి నోటుపుస్తకాల చివరి పేజీలలో కవితలుంటాయి, సగం రాసిన కథలుంటాయి. అవి పెద్దల కంటబడిన రోజున ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఇది ధర్మసమ్మతమేనా? ఇది కూడు పెడుతుందా?

మొదటి ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. దివ్యఖుర్ఆన్‌లో 'అష్షుఅరా', అంటే 'కవులు' అనే పేరుతోనే ఒక సూరా ఉన్నది. దాని చివరి ఆయతులు నోటికొచ్చినదెల్లా పలికే కవులను గట్టిగా హెచ్చరిస్తాయి. ఆ వెంటనే విశ్వాసులను, సత్కార్యాలు చేసేవారిని ఆ హెచ్చరిక నుంచి మినహాయిస్తాయి. హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కవిత చెప్పడం కోసం దైవప్రవక్త (స) మస్జిదె నబవీలో ఒక మింబరు వేయించారని హదీసు గ్రంథాలలో ఉన్నది. బిడ్డ రాస్తున్నాడని కలవరపడేకంటే, ఏం రాస్తున్నాడో కూర్చుని చదవడం మేలు.

రెండవ ప్రశ్నే కష్టమైనది. దానికి తీపి జవాబు చెప్పి పిల్లలను మోసపుచ్చరాదు. తెలుగులో కవితా సంపుటి గాని, కథల సంపుటి గాని సాధారణంగా ఐదువందలో వెయ్యో ప్రతులు అచ్చవుతుంది. అచ్చు ఖర్చు చాలాసార్లు రచయితదే. లెక్క కోసం ఒక మంచి సందర్భాన్నే అనుకొందాం. పుస్తకం వెల 150 రూపాయలు, ప్రచురణకర్త ఇచ్చే రాయల్టీ నూటికి పది, వెయ్యి ప్రతులూ అమ్ముడుపోయాయి. రచయిత చేతికి వచ్చేది 15,000 రూపాయలు. వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడానికి రెండు మూడేళ్ళు పట్టవచ్చు. ఈ డబ్బుతో ఇల్లు నడవదు. ఈ మాట బిడ్డకు ముందే తెలియాలి, పుస్తకం అచ్చయ్యాక కాదు.

మరి మన తెలుగు ముస్లిములలో కవులుగా, కథకులుగా నిలిచినవారు ఎట్లా నిలిచారు?

విజయవాడకు కృష్ణానది ఆవలి గట్టున, గుంటూరు జిల్లా తాడికొండ దగ్గర పొన్నెకల్లు అనే ఊరున్నది. 1920లో ఆ ఊళ్ళో ఒక పేద దూదేకుల కుటుంబంలో షేక్ నాజర్ పుట్టారు. గొంతు బాగున్నదని ఎవరో గుర్తించారు. సంగీతం నేర్చుకోవడానికి నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య వద్ద చేర్చారు. పేదరికం ఆ చదువును సాగనివ్వలేదు. నాజర్ కుట్టుపని చేశారు, నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించారు, పాటలు పాడారు. తరువాత ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథను తన సొంతం చేసుకొన్నారు. ఆ సంస్థ కమ్యూనిస్టు ఉద్యమానికి చెందినది. ఆ రాజకీయాలతో మన పాఠకులలో చాలామందికి ఏకీభావం ఉండకపోవచ్చు. అయినా పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని, బెంగాల్ కరువును ఊరూరా జనం ముందు నిలిపిన ఆ గొంతును కాదనడం ఎవరి తరం?

బుర్రకథ అన్నది ఒక వృత్తిగా ఎట్లా నడుస్తుందో తెలుసుకోదగినది. నడుమ కథకుడు తంబురాతో నిలబడతాడు. ఇరువైపులా ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం, అంటే నాటి లోకం మీద వ్యాఖ్యానం. కథ ఎంత పాతదైనా ఆ వంత నోట ఈనాటి ధరలు, ఈనాటి అన్యాయాలు వచ్చి చేరతాయి. వచ్చిన సంభావన ముగ్గురికీ పంచాలి. ఊరు పనులు ముగించుకొని వచ్చి కూర్చున్న జనాన్ని అర్ధరాత్రి దాకా కదలనివ్వకూడదు. పుస్తకంలో పది పేజీలు విసుగనిపిస్తే పాఠకుడు ఓర్చుకొంటాడు. పందిట్లో పది నిమిషాలు విసుగనిపిస్తే లేచిపోతాడు. నాజర్ ఆ పరీక్షకు ఎన్నో ఏళ్ళు ప్రతి రాత్రీ కూర్చున్నారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. అంగడాల వెంకట రమణమూర్తికి చెప్పి రాయించిన ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టారు. మన పల్లెల్లో ఆ మాటను తిట్టుగా వాడేవారున్నారన్నది మనకు తెలియనిదా? దూదేకే తన వంశవృత్తి పేరును ఆయన పుస్తకం అట్టమీదనే పెట్టుకొన్నారు.

తరువాతి తరం పందిళ్ళకు బదులు పత్రికా కార్యాలయాల నుంచి వచ్చింది. 1991లో 'పుట్టుమచ్చ' రాసిన ఖాదర్ మొహియుద్దీన్ పాత్రికేయులు. కవి అఫ్సర్ విజయవాడలో ఆంధ్రజ్యోతి పత్రికలో పనిచేసి, తరువాత అమెరికాలో విశ్వవిద్యాలయ అధ్యాపకులయ్యారు. 'దర్గామిట్ట కతలు'తో కావలి ముస్లిం ఇళ్ళను తెలుగువారందరికీ చూపించిన మహమ్మద్ ఖదీర్‌బాబు కూడా పాత్రికేయులే. 'కాలుతున్న పూలతోట' నవలకు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన సలీం ఆదాయపు పన్ను శాఖలో ఉద్యోగం చేశారు. వీరెవరూ కేవలం పుస్తకాల రాబడి మీద ఇల్లు నడిపినవారు కారు. అట్లాగని ఉద్యోగంలో చేరి కలాన్ని పక్కన పెట్టినవారూ కారు. నా ఉద్దేశంలో ఆ జీతమే వారి కలానికి ధైర్యం. అచ్చువేసేవారి ముఖం చూసి రాయవలసిన అగత్యాన్ని అది తప్పించింది.

అందుచేత "రాస్తావా, చదువుకొంటావా" అని ఇంట్లో నిలదీయడం సరికాదు. మాటతో ముడిపడిన వృత్తులు చాలా ఉన్నాయి. పత్రికలు, అనువాదం, పాఠ్యపుస్తకాలు, డబ్బింగు, ఉపాధ్యాయ వృత్తి అటువంటివే. బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు వెంట నగరంలోకి వెళ్తే ఆకాశవాణి కేంద్రం వస్తుంది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం ఎందరో కథకులకు గొంతు సరిచేసుకొనే చోటు అయింది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు అన్నది మన పిల్లలకు లోటని కొందరనుకొంటారు. అనువాదకునికి అదే పెట్టుబడి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పవలసి వస్తున్నది. కొడుకు రాస్తే ముచ్చటపడే ఇల్లు కూతురు రాస్తే గిన్నెలు గుర్తు చేస్తుంది. 'నఖాబ్' కవితా సంపుటి వెలువరించిన షాజహానా వంటివారు మన మధ్యనే ఉన్నారు. రోజుకు ఒక గంట, తలుపు వేసుకొనే ఒక మూల, ఈ రెండూ ఇవ్వగలిగితే ఆ ఇంటికి తగ్గేదేమీ లేదు.

ఇక కాగితాల విషయం. మన ఇళ్ళలో దీనిని పట్టించుకొనేవారు తక్కువ. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలమూ, మరణానంతరం 60 ఏళ్ళూ ఉంటుంది. అంటే అది వారసులకు చేరే ఆస్తి. హక్కును ఇతరులకు రాసి ఇచ్చేటప్పుడు కాగితంలో గడువు పేర్కొనకపోతే చట్టం దానిని 5 ఏళ్ళుగా భావిస్తుంది. ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకేనని భావిస్తుంది. సినిమా పాటలు రాసేవారికి 2012 సవరణ మరొక రక్షణ ఇచ్చింది. థియేటరులో సినిమాతోపాటు వినిపించడం కాక పాటను మరే విధంగా వాడినా, రాయల్టీలో తన వాటాను రచయిత వదులుకోవడానికి వీలులేదు. పుస్తకం, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు వేటికవే. అన్నిటినీ ఒకే వాక్యంలో అడిగే ఒప్పందం చేతికి వస్తే, అద్దె ఇంటి కాగితాన్ని చదివినంత శ్రద్ధగా నాన్నగారో మామయ్యో చదివిన తరువాతనే పిల్లలు సంతకం చేయాలి.